జగ్గయ్య చెవులకి ఏమీ కాలేదు

మా ఇన్‌స్టిట్యూట్‌లో ఆవిణ్ణి అందరూ "సీ మేడం" అనేవారు. కాట్రేనికోన నుంచి, అంటే సముద్రం పక్క నుంచి వస్తారు కాబట్టి అలా అంటున్నారేమోనని కొత్తగా చేరినవాళ్లు అనుకునేవారు. అదేం కాదు. ఆ రోజుల్లో అమలాపురంలో సీ లాంగ్వేజి చెప్పేవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటే, పుస్తకం చూడకుండా చెప్పేది ఆవిడొక్కరే. అసలు పేరు పెద్దింట్లమ్మ. వాళ్ల నాన్న వేటకెళ్లే మనిషి. నలుగురు పిల్లల్లో డిగ్రీ దాకా వచ్చింది ఈవిడే. ఎస్.కె.బి.ఆర్. కాలేజీలో లెక్కల బీఎస్సీ అని చెప్పుకోవడం కూడా ఎప్పుడూ వినలేదు నేను. మనిషి తక్కువ మాట్లాడేవారు. చెప్పిన ముక్క మాత్రం ఖచ్చితంగా ఉండేది.

నేను అదే ఇన్‌స్టిట్యూట్ ముందు గదిలో టైపు చెప్పేవాణ్ని. పేరు గణపతి. పదహారు మిషన్లుండేవి నా కింద. తొంభై ఆరులో ఓనరు గారు వెనక గదికి తెరలు కట్టించి, ఏసీ పెట్టించి, ఆరు కంప్యూటర్లు దింపేరు. వాటితో పాటు వచ్చేరు పెద్దింట్లమ్మ. మధ్యాహ్నం క్లాసుల మధ్య గంటన్నర ఖాళీ ఉండేది. ఆవిడ క్యారేజీ తెచ్చుకుని నా గదిలో బల్ల మీదే తినేవారు. అలా నాకు కంప్యూటరు ముట్టుకోవడం రాకపోయినా ఆవిడ పని మీద కొంత అవగాహన వచ్చింది.

పాఠాలు చెప్పడమే కాకుండా బయట చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిచ్చేవారు. రైసు మిల్లుకొకటి, లాడ్జికొకటి, ఐసు ఫ్యాక్టరీకొకటి, అలా. అన్నీ సీలోనే. కంప్యూటరు పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలో ఎవరో పెద్దవాళ్లు ప్రోగ్రాములు రాసిన అసలు పంక్తులుంటే, అది నెలల తరబడి చదివి, వాళ్ల పద్ధతి పట్టేరు. ఒకసారి నాకు విడమర్చి చెప్పేరు.

"ఒక్కో వస్తువుకీ ఒక్కో కట్ట కట్టేస్తానండి మాస్టారూ. మిషను ఒక కట్ట, తెర ఒక కట్ట, బెల్లు ఒక కట్ట. ప్రతిదానికీ దాని గుణాలుంటాయి, వాటిని ప్రాపర్టీలంటాం. ఏదైనా గుణం మారితే ఆ కట్ట ఒక కేక వేస్తుంది. అది సిగ్నలు. ఆ కేక వినాలనుకున్నవాళ్లు ముందే పేరు రాయించుకుంటారు. కేక వెయ్యగానే వరసగా అందరికీ అందుతుంది. ఎవరి పని వాళ్లు చేసుకుంటారు."

"దీనికి వేరే లాంగ్వేజీలున్నాయంటున్నారు కదమ్మా పిల్లలు?" అన్నాను.

"ఉన్నాయండి. నా చేతికి సీ అలవాటు. అన్నీ నాకు కనపడతాయి ఇందులో," అన్నారు.

అన్నీ కనపడతాయి అన్న ఆ మాట ఆవిడ నమ్మి అన్నదే.

తొంభై తొమ్మిదిలో కొత్తపేట దగ్గర ఒక విత్తనాల ప్లాంటు వాళ్లు ఆవిణ్ణి పిలిపించేరు. రైతుల దగ్గర పచ్చి ధాన్యం తీసుకుని, వేడిగాలి మీద ఆరబెట్టి, సంచులకెత్తి విత్తనంగా ఇస్తారు. గాలి వేడి నలభై మూడు డిగ్రీలు దాటకూడదు. దాటితే గింజ పైకి బంగారంలా ఉంటుంది, లోపల మొలక చచ్చిపోతుంది. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఆ వేడి చూసుకునేది జగ్గయ్య. పలివెల మనిషి, అప్పటికి యాభై దగ్గరుంటాయి. ఊక పొయ్యి దగ్గర పదకొండేళ్ల నుంచి పని. గాలిగొట్టం పక్కన గోడకి అద్దం ధర్మామీటరు వేలాడుతుండేది. కళ్లు చికిలించి దాన్ని చూస్తూ, ఊక తగ్గిస్తూ, వేడిగాలికి అడ్డంగా ఉండే షట్టరు దించుతూ, ఎత్తుతూ ఉండేవాడు. పెద్దింట్లమ్మ గొట్టంలో వేడి కొలిచే తీగ పెట్టించి, ఆఫీసు గదిలో కంప్యూటరుకి కలిపి, పొయ్యి నెత్తిన బెల్లు బిగించేరు. ఆ ధర్మామీటరు ఆవిడే తీయించేరు.

"ఇంక మీరు కళ్లు పాడుచేసుకోనక్కర్లేదండి. నలభై మూడు దాటితే బెల్లు మోగుతుంది. అప్పుడు షట్టరు దించండి, చాలు," అని చెప్పేరట జగ్గయ్యతో.

"ఆయ్," అన్నాడట అతను.

రెండేళ్లు ఏ లోటూ లేకుండా నడిచింది. రెండువేల ఒకటి ఏప్రిల్లో పిడుగు పడి, వేడి కొలిచే కార్డు కాలిపోయింది. దాని బదులు కొత్తది వేసేరు. పాతది ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది అని నిండు అంకెలు చెప్పేది. కొత్తది పావు డిగ్రీల దాకా చెప్పేది. పెద్దింట్లమ్మ ఒక పూట వెళ్లి ప్రోగ్రాములో మార్చాల్సినవి మార్చి, తెర మీద ముప్ఫై తొమ్మిదింపావు అని సరిగ్గా కనబడుతుంటే చూసుకుని, బెల్లు పరీక్షించే మీట నొక్కి, అది మోగితే విని, తిరిగొచ్చేసేరు.

జూన్ రెండో వారంలో సార్వాకి, అంటే తొలకరి వరికి, ఆకుమళ్లలో నారు పోసే రోజులు. ఒక ఉదయం ప్లాంటు గేటు దగ్గరికి ధర్మరాజు గారనే రైతు ట్రాక్టరు మీద తడి గోనెలు తెచ్చి పడేసేరు. విత్తనాలు నానబోసి, మొలకల కోసం గోనెల్లో మండె కట్టి, విప్పి చూస్తే ఒక్క గింజ మొలకెత్తలేదు. పులిసిన కంపు. గోనె మూతి విప్పితే ఆఫీసులో కూర్చున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారట. మధ్యాహ్నానికి మరో తొమ్మిది మంది అలాగే వచ్చేరు. అన్నీ మే నెలలో ఒకే రోజు ఆరబెట్టిన సంచులు. మొలక పరీక్షకి మచ్చు ఆరబెట్టకముందే తీసేయడంతో ఎవరికీ తెలియలేదు. ప్లాంటు వాళ్లు వేరే విత్తనం ఇచ్చి సర్దుకున్నారు కానీ, పది రోజులు ఆలస్యమైపోయింది. ఆ పది రోజుల కోపం ఎవరి మీదో ఒకరి మీద పడాలి.

కంప్యూటరు గంటకోసారి వేడి అంకె అచ్చు వేసేది. ఆ రోజు కాయితం తీసేరు. పన్నెండు గంటలకి నలభై ఒకటిన్నర. ఒంటిగంటకి నలభై ఏడింపావు. రెండింటికి యాభై ఒకటిన్నర. ఆ సమయంలో ఆఫీసులో గుమస్తా భోజనానికెళ్లేడు. పొయ్యి దగ్గర జగ్గయ్య ఒక్కడే.

మేనేజరు దుర్గాప్రసాద్ గారు అతన్ని పిలిచి అడిగేరు. "బెల్లు మోగలేదండి," అన్నాడు జగ్గయ్య.

పెద్దింట్లమ్మని పిలిపించేరు. నలుగురు రైతులూ, మేనేజరూ, జగ్గయ్యా పొయ్యి దగ్గర నిలబడ్డారు. ఆవిడ ఆఫీసులో కూర్చుని పరీక్ష మీట నొక్కేరు. బెల్లు చెవులు చిల్లులు పడేలా మోగింది. మళ్లీ నొక్కేరు. మళ్లీ మోగింది. ధర్మరాజు గారు జగ్గయ్య వైపు తిరిగి, "శవాలు కూడా లేస్తాయి కదరా దీనికి. ఎంత మొద్దు నిద్దరోయేవు?" అన్నారు.

జగ్గయ్య బెల్లు వంకే చూస్తూ, "ఇప్పుడు మోగిందండి. ఆ రోజు మోగలేదండి," అన్నాడు. ఆ మాటే మూడుసార్లు అన్నాడు. ఆ సాయంత్రం అతన్ని పన్లోంచి తీసేసేరు.

మర్నాడు క్యారేజీ విప్పుతూ పెద్దింట్లమ్మ నాతో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పాపం ఆ ఎండలో, ఆ వేడిలో కునుకు పట్టేసి ఉంటుంది మాస్టారూ. ఒప్పేసుకుంటే పోయేది. ఎందుకండీ అబద్ధం?"

నేనూ అవునన్నాను.

రెండేళ్లు గడిచేయి. నా టైపు మిషన్లు పదహారు పోయి ఐదు మిగిలేయి. రెండువేల మూడు ఆగస్టులో పెద్దింట్లమ్మ పాఠం చెబుతుండగా పిల్లల కంప్యూటర్లు వరసపెట్టి బిగుసుకుపోవడం మొదలెట్టేయి. ఆవిడ రాసిన ఆ కట్టల పద్ధతే పిల్లలకి నేర్పుతున్నారు. పిల్లలేమో ఒక రకం అంకె పంపాల్సిన చోట ఇంకో రకం పంపించేవారు. కంపైలరు, అంటే మనం రాసినదాన్ని మిషను భాషలోకి దింపే ప్రోగ్రాము, ఏ అభ్యంతరమూ చెప్పేది కాదు. నడిపించాక పిచ్చెక్కేది.

"దీనికి టైపు పెట్టాలండి," అన్నారు ఆవిడ నా గదిలోకొచ్చి.

నేను నా మిషన్ల వైపు చూశాను. ఆవిడ నవ్వేరు. ఆవిడ అంత తేలిగ్గా నవ్వడం ఆ సంవత్సరంలో అదే ఆఖరుసారి.

"ఆ టైపు కాదండి. రకం. సిగ్నలు వేసేటప్పుడు విలువ వెళ్లదు మాస్టారూ. ఫలానా చోట అంకె ఉంది, వెళ్లి చూసుకో అని చీటీ ఒకటి వెళుతుంది. ఆ చోట ఉన్నది ఏ రకం అంకో చీటీలో రాసి ఉండదు. వినేవాడు తనకి తోచినట్టు చదువుకుంటాడు. అందుకని ప్రతి ప్రాపర్టీకీ, ప్రతి సిగ్నలుకీ రకం ముందే రాసి పెట్టేస్తే, తేడా వచ్చిన చోట కంపైలరు అక్కడే ఆపేస్తుంది. నడిచేదాకా ఎందుకు?"

పది పన్నెండు రోజులు కూర్చుని అది తయారు చేసేరు. సరిగ్గా పని చేస్తోందో లేదో చూడ్డానికి ఏదైనా పెద్ద ప్రోగ్రాము కావాలి. పిల్లలవి చాలవు. తన పాత ఫైళ్లలో అన్నిటికన్నా ముచ్చటపడి రాసుకున్నది విత్తనాల ప్లాంటుది. దాన్ని తెచ్చి కొత్త పద్ధతి కింద పెట్టేరు.

నేను ముందు గదిలో రిబ్బన్ మారుస్తున్నాను. బయట వాన. వెనక గదిలో కుర్చీ దభాలున పడిన చప్పుడైంది. పిల్లలు లేని సమయం. వెళ్లి చూస్తే పెద్దింట్లమ్మ నిలబడి ఉన్నారు. కుర్చీ వెనక పడి ఉంది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు కూడా. రెండు చేతులూ బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. 

"ఏమ్మా? కరెంటు కొట్టిందా?" అన్నాను.

 తెర వైపు చూపించేరు. నాకు ఇంగ్లీషు అక్షరాలు చదవడం వచ్చు. బెల్లు ఫైలు పేరు, నూట పన్నెండో లైను, రకం కలవడం లేదు అని ఒకే ఒక్క ముక్క. అంతే ఉంది.

"తప్పు దొరికితే మంచిదే కదమ్మా. అందుకే కదా చేసేవు?"

"మాస్టారూ, ఇది కొత్త తప్పు కాదండి," అన్నారు. 

కుర్చీ ఎత్తి కూర్చోబెట్టేను. మంచినీళ్లిస్తే ముట్టుకోలేదు. పాత ప్రోగ్రాము, అంటే ప్లాంటులో ఆ మే నెలలో నడిచినది యథాతథంగా ఉన్నది, తెరిచేరు. వేడి నలభై ఏడింపావు అని చేత్తో ఇచ్చి, తెర భాగానికి ఏం అందిందో, బెల్లు భాగానికి ఏం అందిందో పక్కపక్కన అచ్చు వేయమన్నారు. తెరకి అందింది నలభై ఏడింపావు. బెల్లుకి అందింది సున్నా.

యాభై ఒకటిన్నర ఇచ్చేరు. బెల్లుకి సున్నా. అరవై ఇచ్చేరు. సున్నా. నూరిచ్చేరు. సున్నా.

ఆ రోజు కాకపోయినా తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పేరు. నిండు అంకె దాచుకోడానికి కంప్యూటరులో నాలుగు గదులు చాలు. పావులూ అరలూ ఉన్న అంకెకి ఎనిమిది గదులు కావాలి. కొత్త కార్డు వచ్చినప్పుడు సిగ్నలు వేసే చోటా, తెర చోటా ఎనిమిది గదులకి మార్చేరు. బెల్లు ఇంకో ఫైల్లో ఉంది. అది మాత్రం పాత అలవాటున మొదటి నాలుగు గదులే చదువుకుంటూ ఉండిపోయింది. పావు డిగ్రీల లెక్కలో ఎంత వేడి వచ్చినా ఆ మొదటి నాలుగు గదులూ ఎప్పుడూ సున్నాలే. సున్నా డిగ్రీలకి బెల్లు ఎందుకు మోగుతుంది? మరి పరీక్ష మీట నొక్కినప్పుడు ఎందుకు మోగిందంటే, ఆ మీట ఉన్నది బెల్లు ఫైల్లోనే. అది పాత పద్ధతిలో యాభై అనే నిండు అంకె పంపించేది. ఆ మీట ఎన్నిసార్లు నొక్కినా బెల్లు మోగుతుంది. గొట్టంలో నిప్పులు పోసినా మోగదు.

"కంపైలరు ఒక్క మాట అనలేదండి," అన్నారు. "అడిగే దారే నేను మూసేసేను. రకం లేని చీటీ రాసింది నేను."

కాసేపయ్యేక, "ఆయన నిజమే చెప్పేరు మాస్టారూ," అన్నారు. "మూడుసార్లు చెప్పేరు. నా చేత్తో నేనే నొక్కి ఆయన్ని అబద్ధాలకోరుని చేసేను."

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బావుండుననిపించింది నాకు. తెర మీద ఆ సున్నాల వరస చూస్తూ కూర్చుండిపోయేరు. సాయంత్రం బ్యాచి పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడితే, ఈ రోజు క్లాసు లేదని నేనే పంపించేను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి పలివెల వెళ్లేం. నన్నెందుకు రమ్మన్నారో అడగలేదు. బస్సులో ఆవిడ ఒళ్లో ఆ అచ్చు కాయితాలు పెట్టుకుని కూర్చున్నారు. రావులపాలెం వైపు వెళ్లే లారీలు పక్కనుంచి పోతుంటే ప్రతిసారీ ఉలిక్కిపడ్డారు.

జగ్గయ్య ఊరి చివర కొబ్బరికాయల కొట్టులో ఉన్నాడు. నేలలో పాతిన గునపం మీద కాయలు ఒలుస్తున్నాడు. మనిషి సగమైపోయేడు. మమ్మల్ని చూసి లేచి, తువ్వాలు దులిపి, "రండి మేడం గారండి. కూర్చోండి," అని కొబ్బరి డొక్కల మోపు మీద గోనె పరిచేడు.

ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పేరు. కాయితాలు చూపించబోయి, అతనికి అవి చూపించి ఏం లాభమని మళ్లీ మడిచేసేరు. "ఆ రోజు బెల్లు మోగలేదండి. మోగే వీలే లేదు. తప్పు నా ప్రోగ్రాముది. నేను రాసిందాన్లో. మీరు నిద్రపోలేదు," అన్నారు.

జగ్గయ్య చేతిలో ఉన్న కాయ కింద పెట్టేడు. మళ్లీ తీసేడు. మళ్లీ పెట్టేడు.

"మోగలేదాండీ?" అన్నాడు చివరికి.

"మోగలేదండి."

"నిజంగానాండీ?"

"ఒట్టండి."

అతను పక్కకి తిరిగి, కుడిచేత్తో కుడి చెవి పట్టుకున్నాడు. తర్వాత రెండోది పట్టుకున్నాడు. అది చూస్తే నాకు వింతగా అనిపించింది. అప్పుడు చెప్పేడు.

పన్లోంచి తీసేసిన కొత్తలో, మోగలేదనే అందరికీ చెప్పేడట. ఎవరూ నమ్మలేదు. అందరూ మోగింది మోగింది అంటుంటే, ఒకవేళ మోగిందేమో, నాకే వినపడలేదేమోననే అనుమానం పట్టుకుందట. చెవులు పోతున్నాయేమోనని అమలాపురం వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాడు. డాక్టరు గారు గడియారం చెవి దగ్గర పెట్టి, వెనక నుంచి మెల్లగా పిలిచి, ఏదో మిషను తగిలించి, "నీ చెవులకి ఏమీ కాలేదయ్యా. పాతికేళ్లవాడికి వినపడినట్టు వినపడుతోంది," అన్నారట.

"ఆ మాటతో నాకు కాళ్లిరిగిపోయేయండి," అన్నాడు జగ్గయ్య. "చెవులు బాగుంటే మరింక నిద్దరే కదండీ. నేను పడుకున్నట్టు నాకు గుర్తులేదు. గుర్తులేదంటే పడుకున్నట్టే కదాండీ. పది కుటుంబాల ఆకుమళ్లు పాడుచేసేనని నేనే ఒప్పేసుకున్నానండి. ఇంట్లో ఆవిడకి కూడా అలాగే చెప్పేసేను. నిద్దరోయేనే, అబద్ధమాడేనే అని."

పెద్దింట్లమ్మ పడిపోతారేమోనని నేను దగ్గరికి జరిగేను. చెయ్యని తప్పుకి నింద మోశాడని తెలిసి వచ్చేం మేం. ఆ తప్పు చేశానని అతను తనకి తనే సాక్ష్యం చెప్పుకున్నాడని మాకు తెలియదు.

"అప్పట్నుంచి పగలు కూచోడం మానేసేనండి," అన్నాడు. "కూచుంటే కునుకొస్తదేమోనని భయం. నిలబడే ఒలుస్తాను."

అతని భార్య అచ్చాయమ్మ అన్నం పట్టుకుని వచ్చింది అప్పుడే. ఎవరో చెప్పి ఉంటారు, మేం వచ్చేమని. పెద్దింట్లమ్మ మళ్లీ మొదట్నుంచి అంతా ఆమెకి చెప్పేరు. ఆమె వింటూ వింటూ గిన్నె కింద పెట్టేసి, కొట్టు గుమ్మంలో కూలబడిపోయింది. మొగుడి వంక చూసి, "మరి నువ్వు నిద్దరోయేనన్నావు?" అంది.

"అనుకున్నానే," అన్నాడు.

"రెండేళ్లు నేను నిన్ను ఏమేమన్నాను!" అంది. మాకు అదేమిటో తెలియదు. అతనికి తెలుసు. 

వచ్చేసేటప్పుడు పెద్దింట్లమ్మ, "నేనేం చెయ్యమంటారండి?" అని అడిగేరు.  "నాకు చెప్పిన మాట అక్కడ చెప్పండి. ఆ పొయ్యి దగ్గరే. ధర్మరాజు గారు కూడా ఉండాలండి," అన్నాడు జగ్గయ్య.

అట్నుంచి అటే ప్లాంటుకి వెళ్లేం. దుర్గాప్రసాద్ గారు విన్నంతసేపూ బల్ల మీద పెన్ను దొర్లిస్తూ కూర్చున్నారు. మర్యాదస్తుడే. కాఫీ తెప్పించేరు. అంతా విని, ముందు ఆయన అడిగిన మాట, "అంటే ఈ రెండేళ్లూ కూడా మోగట్లేదాండీ?" అని.

"లేదండి. నిన్న సాయంత్రమే ఫోను చేసి పొయ్యి ఆపించమని మీ గుమస్తాకి చెప్పేను," అన్నారు పెద్దింట్లమ్మ.

ఆయన పెన్ను ఆగిపోయింది. జగ్గయ్య బదులు వచ్చిన మనిషి బెల్లుని నమ్మక, గాలిగొట్టం మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ నెట్టుకొచ్చేడని అప్పుడు తెలిసింది. లేకపోతే ఇంకెన్ని సంచులు పోయేవో. ఆయన కర్చీఫుతో మెడ తుడుచుకున్నారు. ఆ తర్వాత మెల్లగా, "సరి చేసేయండమ్మా. రైతుల ముందు చెప్పడం మాత్రం ఎందుకు? అందరూ మర్చిపోయేరు," అన్నారు.

"ఆయన మర్చిపోలేదండి."

"మీకు చెడ్డపేరండి. మీరు ఇంకో నాలుగు చోట్ల పని చేసుకోవాలి."

"ఆయ్. నాకు తెలుసండి," అన్నారు ఆవిడ.

ఆ వచ్చే సోమవారం ప్లాంటులో రైతుల మీటింగు ఉంది. దాన్ని పొయ్యి దగ్గరే పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. జగ్గయ్యా అచ్చాయమ్మా కూడా వచ్చేరు. అతను తెల్ల చొక్కా వేసుకుని వచ్చేడు కానీ, కుర్చీ ఇస్తే కూర్చోలేదు. నలభై మంది దాకా ఉన్నారు. పెద్దింట్లమ్మ పెద్ద మాటలేం చెప్పలేదు. వేడి కొలిచే తీగ గొట్టంలోంచి బయటకి లాగి, మరిగిన నీళ్లున్న చెంబులో ముంచేరు. తెరని అందరికీ కనబడేలా తిప్పించేరు. నలభై, యాభై రెండున్నర, డెబ్భై ఒకటింపావు. అంకెలు ఎగబాకుతున్నాయి. అందరూ బెల్లు వంక చూస్తున్నారు. అది మోగలేదు. ఎనభై దాటింది. మోగలేదు. అప్పుడు ఆవిడ పరీక్ష మీట నొక్కేరు. బెల్లు మోగింది.

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అబ్బా అన్నారు. 

"ఆ రోజు నేను మీకు చూపించింది ఈ రెండోది. గొట్టంలో జరిగింది ఆ మొదటిది. ఇది నేను రాసిన తప్పు. జగ్గయ్య గారు చెప్పింది ప్రతి ముక్కా నిజం," అన్నారు ఆవిడ. 'గారు' అనడం అందరూ విన్నారు.

ధర్మరాజు గారు లేచి నిలబడ్డారు. మనిషి కోపిష్టి. ఆవిడ మీదకి వస్తారేమోననుకున్నాను. ఆయన జగ్గయ్య దగ్గరికి వెళ్లేరు. "ఆ రోజు నేను నిన్ను..." అని ఆపేసేరు. మళ్లీ మొదలెట్టేరు, మళ్లీ ఆపేసేరు. చివరికి తన కుర్చీ తెచ్చి జగ్గయ్య వెనక వేసి, భుజం మీద చెయ్యి పెట్టి నొక్కేరు. జగ్గయ్య కూర్చున్నాడు. అచ్చాయమ్మ వచ్చి పక్కన నేల మీద కూర్చుని, అతని మోకాలు గట్టిగా పట్టుకుంది.

ఆ పూటే ఆవిడ బెల్లు సరిచేసేరు. అతన్ని మళ్లీ పన్లోకి రమ్మన్నారు. వస్తానన్నాడు, అద్దం ధర్మామీటరు తిరిగి గోడకి తగిలిస్తేనే. తగిలించేరు. రెండువేల ఆరు దాకా చేసి, ఆ తర్వాత కపిలేశ్వరపురం దగ్గర గోదావరి లంకలో కూరగాయలు వేసుకుంటున్నాడని విన్నాను.

దుర్గాప్రసాద్ గారు చెప్పినట్టే జరిగింది. లాడ్జివాళ్లు పిలవడం మానేసేరు. ఇన్‌స్టిట్యూట్‌లో ఒక బ్యాచి పిల్లల తల్లిదండ్రులు వచ్చి వేరే మేడం లేరా అని అడిగేరు. పెద్దింట్లమ్మ దేనికీ నొచ్చుకున్నట్టు కనబడలేదు. ఆవిడకి వేరే బెంగ పట్టుకుంది. అప్పటిదాకా ఆవిడ బయటివాళ్లకి రాసిచ్చిన ప్రోగ్రాములు ఇంకా పదకొండున్నాయి. అన్నిటిలోనూ ఆ రకం లేని చీటీలే.

నాలుగు నెలలు, ఆదివారం ఒక్కటి కూడా వదలకుండా, ఒక్కో చోటికీ వెళ్లేరు. పిలవకుండానే. కొందరు నవ్వేరు. ఒక మిల్లు ఓనరు లోపలికి రానివ్వలేదు, మూడోసారి వెళ్తే రానిచ్చేరు. పదింటిలో రకం తేడా ఎక్కడా రాలేదు. పదకొండోది కాట్రేనికోనలో ఐసు ఫ్యాక్టరీ. అమోనియా గొట్టంలో ఒత్తిడి పెరిగితే, అది పగిలి విషవాయువు చిమ్మకముందే హెచ్చరించాల్సిన లైను. అక్కడ కూడా సున్నా.

ఆ రోజూ నేను పక్కనే ఉన్నాను. ఆ సున్నా చూసి ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. గోడకి అవతల పది మంది ఐసు దిమ్మలు లాగుతున్నారు. వాళ్లలో ఇద్దరు ఆవిడకి వరసకి అన్నదమ్ములు. ఒకతను గుమ్మంలోంచి తొంగి చూసి, "టీ తాగుతావేంటమ్మా?" అని అడిగేడు. ఆవిడ తలెత్తలేదు. నేనే తెమ్మన్నాను.

ఓనరు గారు వచ్చి తెర చూసి, "ఐదేళ్ల నుంచి ఏమీ కాలేదు కదమ్మా. బానే నడుస్తోంది," అన్నారు.

"నడుస్తోందండి," అన్నారు పెద్దింట్లమ్మ. "అదే నాకు భయంగా ఉందండి. మిషను ఒక్క గంట ఆపించండి."

ఆయన ఆపించేరు. ఫ్యాక్టరీ అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతే, లాగేవాళ్లందరూ ఏమైందోనని బయటికొచ్చి నిలబడ్డారు. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని, ఆ లైను చెరిపి, రాయడం మొదలెట్టేరు.